పరగడుపు

జూన్ 4, బుధవారం

ఈ డైరీ ఏదో మందుల కంపెనీవాళ్ళు ల్యాబ్‌లో పంచినది. జనవరి నుంచి బీరువాలో దుప్పట్ల కింద పడి ఉంది. ఇన్నాళ్ళూ రాసుకోవడానికి నా బతుకులో ఏముంది గనక? ఇవాళ్టి నుంచి ఉంది. నోరు తెరిచి అంటే ఇంట్లో రభస. అనకుండా మింగితే నాకు కడుపుబ్బరం. అందుకని ఇక్కడ కక్కుకుంటాను.

చిన్నది దిగింది. నా తోడికోడలు. వాళ్ళ ఫ్లాట్‌లో గోడలోపలి పైపులు పగిలి హాలంతా నీళ్ళట. బాగయ్యేదాకా మరిది తన స్నేహితుడి గదిలో సర్దుకుంటాడట, ఈవిడ మాత్రం మా ఇంట్లో ఉంటుందట. కంప్యూటర్ ముందు కూర్చుని చేసే ఉద్యోగం కాబట్టి ఎక్కడున్నా ఒకటేనట. "ఉండనీ, పరాయి మనిషా?" అన్నారు ఆయన. ఉండనీ. నేనేమైనా వద్దన్నానా?

ఒక సూట్‌కేసు, దానికంటే పెద్ద ఐసు పెట్టె తెచ్చింది. పెట్టె నిండా వెన్న, చిక్కటి పాలు, గడ్డపెరుగు. గుండెజబ్బు మనిషి ఉన్న ఇంటికి వెన్న మోసుకొచ్చే మహాతల్లిని ఏమనాలి?

మూడేళ్ళ కింద అత్తగారికి గుండెనొప్పి వచ్చినప్పుడు ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని ఒట్టు పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి మా గుమ్మం లోపలికి వెన్న రాలేదు. మీగడ మాటే లేదు. అట్టపెట్టె మీద కొవ్వు లేదని రాసి ఉంటేనే కొంటాను. కొవ్వు తీసిన తియ్యపెరుగు కప్పులు, డైట్ బిస్కెట్లు, సూప్ పొట్లాలు, పాలకు బదులు తెల్లపొడి డబ్బా. నేను పొద్దున్నే ల్యాబ్‌కి పరిగెత్తాలి కదా, ఇవైతే అత్తగారు మూత తీసుకుని తినేయొచ్చు. తెల్లవారుజామున మాత్రలతోపాటు వేణ్ణీళ్ళలో తెల్లపొడి కలిపిన కప్పు, బిస్కెట్లు మాత్రం నా చేత్తోనే ఇస్తాను. ఆవిడ మంచం మీద కూర్చుని బిస్కెట్ ముంచుకుని తింటుంటే నేను పక్కనే నిలబడి జడ వేసుకుంటాను. ఒక్క పొద్దు తప్పలేదు.

ల్యాబ్‌లో జనం నన్ను అడిగి మరీ నా చేత సూది పొడిపించుకుంటారు. "ఆ అక్క పొడిస్తే దోమ కుట్టినట్టే ఉంటుంది" అంటారు. అంత మంచి పేరున్న చేయి నాది. చూద్దాం.

జూన్ 5, గురువారం

వెన్న తెచ్చి ఫ్రిజ్‌లో నా పెరుగు కప్పుల ముందు పెట్టింది. వెనక్కి నెట్టాను.

జూన్ 8, ఆదివారం

సెలవు రోజు కదా అని కాస్త ఆలస్యంగా లేచాను. అంటే కప్పు ఇచ్చి మళ్ళీ పడుకున్నాను. లేచి వచ్చేసరికి బల్ల దగ్గర సభ జరుగుతోంది. చిన్నది రొట్టెముక్క కాల్చి వెన్న రాస్తోంది.

"ఒక్క ముక్క అత్తయ్యా. క్రితంసారి డాక్టరు కొంచెం తినొచ్చన్నారట కదా?"

అత్తగారు నా వైపు చూశారు. అందరూ నా వైపు చూశారు. నేనేదో జైలరునైనట్టు!

"నన్నెందుకు చూస్తారు? తినండి. మీ ఒళ్ళు, మీ ఇష్టం" అన్నాను.

తిన్నారు. కళ్ళు మూసుకుని మరీ తిన్నారు. చివర్లో వేలికి అంటింది కూడా నాకారు. డెబ్బై దాటిన మనిషి! నా పెరుగు కప్పు ఏనాడైనా అలా తిన్నారా? సగం తిని మూత పెట్టేస్తారు. "తర్వాత తింటాలే అమ్మాయ్" అంటారు. ఆ తర్వాత అనేది రాదు, సాయంత్రం నేనే పారబోస్తాను.

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా?

జూన్ 12, గురువారం

సాయంత్రం తలుపు తీస్తూనే నవ్వులు. అత్తగారి నవ్వు గుర్తుపట్టడానికి నాకు ఒక క్షణం పట్టింది.

వంటింట్లో స్టూలు వేసుకుని కూర్చున్నారు. ఒళ్ళో పళ్ళెం, పళ్ళెంలో బఠాణీ కాయలు. ఒలుస్తున్నారు. పక్కన చిన్నది గుడ్డు గిలక్కొడుతూ ఏదో చెబుతోంది, ఈవిడ గింజలు కింద పారబోసుకునేంతగా నవ్వుతున్నారు.

"అత్తయ్యా, మీరెందుకు లేచారు? కాళ్ళు వాస్తాయి కదా" అన్నాను.

నవ్వు ఆగిపోయింది.

"ఏం వాయలేదమ్మాయ్, కూర్చునే ఉన్నా" అన్నారు, తప్పు చేసి దొరికినట్టు.

మూడేళ్ళుగా ఆవిడని వంటింట్లోకి రానివ్వలేదు నేను. మీరు కదలొద్దు, అన్నీ నేను చూసుకుంటా అన్నాను. అది ప్రేమ కాదా? స్టూలు వేసి పని చేయించడం ప్రేమా?

కూరగాయల సూప్ చేసింది, చివర్లో చెంచాడు మీగడ వేసి. అత్తగారు గిన్నె ఊడ్చుకుని తిన్నారు. ఆయన కూడా రెండోసారి పోయించుకున్నారు. నేను ఆకలి లేదన్నాను. ఉంది.

జూన్ 14, శనివారం

"అమ్మ మొహం కళకళలాడుతోంది, చూశావా?" అన్నారు ఆయన.

"అవును, ఇన్నాళ్ళూ నేను పస్తులు పెట్టి చంపాను కదా" అన్నాను.

"నేనలా అన్నానా?"

"అనక్కర్లేదు."

దుప్పటి లాక్కుని అటు తిరిగి పడుకున్నారు. కొత్తొక వింత, పాతొక రోత. తల్లికైనా కొడుకుకైనా.

జూన్ 15, ఆదివారం

ఎవరూ లేనప్పుడు ఆ వెన్న రుచి చూశాను. వేలి కొసతో. ఉప్పగా ఉంది. ఏముంది అందులో అంత గొప్ప?

సరిగ్గా తెలియలేదని ఇంకోసారి చూశాను.

జూన్ 18, బుధవారం

ఒకటి తోచింది. అత్తగారికి రక్తపరీక్ష చేసి చాలాకాలమైంది. చేయించాలి. చేయించడం నా బాధ్యత. ఇందులో ఎవరి మీదా కక్ష లేదు.

కొవ్వు ఎక్కువ రావాలని నేను కోరుకోవట్లేదు. ఎలా వస్తే అలా. ఒకవేళ ఎక్కువ వస్తే ముందే జాగ్రత్తపడొచ్చు కాబట్టి ఒక రకంగా అదే మంచిది. అంతే నేననేది.

జూన్ 19, గురువారం

అందరి ముందూ చెప్పాను, రేపు పొద్దున రక్తం తీస్తానని. చిన్నదానికి ప్రత్యేకంగా చెప్పాను. "పరగడుపున తీయాలి. రాత్రి భోజనం తర్వాత మంచినీళ్ళు తప్ప ఏమీ పెట్టకు. నీ వెన్నా మీగడా అసలే వద్దు."

"అలాగే అక్కా. నాకూ తెలుసుకోవాలనే ఉంది" అంది. అక్కా, అక్కా అంటూనే గోతులు తవ్వుతుంది.

నేనేమో అత్తగారి కంచంలో చెంచా చప్పుడు వినపడినా ఉలిక్కిపడుతున్నాను. ఆ తెల్లవారుజాము కప్పొక్కటే ఇక నాకు మిగిలింది. ఆ వేళకు చిన్నది లేవదు.

జూన్ 20, శుక్రవారం

ఏమని రాయను! నా నెత్తిన పాలు పోసినట్టుంది.

ఎప్పటిలాగే చీకటితో లేచాను. అత్తగారికి మాత్రలు, కప్పు, బిస్కెట్లు ఇచ్చి, జడ వేసుకుని, స్నానం చేసి, ఇల్లు సర్దుకుని, ల్యాబ్‌కి బయల్దేరే ముందు సిరంజి తీశాను. చిన్నది కళ్ళు నులుముకుంటూ వచ్చి అత్తగారి రెండో చేయి పట్టుకుంది. నేను పొడిస్తే నొప్పే ఉండదు, చేయి పట్టుకోవడం దేనికి? అత్తగారు ఏదో అనబోయారు. "మాట్లాడకండి, నరం కదులుతుంది" అన్నాను.

ల్యాబ్‌లో ట్యూబు యంత్రంలో పెట్టి తిప్పాను. ఎర్రదంతా కిందికి దిగి రక్తంలోని నీరు, అదే సీరం, పైకి తేలుతుంది. మామూలుగా తేనెరంగులో తేటగా ఉండాలి. బయటికి తీసి చూస్తే తెల్లగా, మబ్బుగా, నీళ్ళ పాలలా ఉంది! చేత్తో పట్టుకుని వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను.

మా డాక్టరమ్మ కూడా చూసింది. "ఇదేంటి, పాలు పట్టుకొచ్చావా? పరగడుపునే తీశావా?"

"అవును డాక్టర్. మా అత్తగారిది. నేనే తీశాను."

"సరే అయితే" అని రిపోర్టు మీద సంతకం పెట్టేసింది. నా మాట మీద ఆవిడకు అంత నమ్మకం.

కొవ్వు అంకె చూస్తే ఎవరికైనా గుండె ఆగాలి. దారంతా కూనిరాగం తీస్తూ ఇంటికొచ్చాను. రిపోర్టు రేపు అందరూ ఇంట్లో ఉన్నప్పుడు చూపిస్తాను.

జూన్ 21, శనివారం

చూపించాను.

చిన్నది కాగితం పట్టుకుని చాలాసేపు చూసింది. "నేనేనా అక్కా? నా వల్లేనా ఇదంతా?" అంది. నేను అవుననలేదు. "నువ్వే చూశావు కదా అంకె" అన్నాను. అంతే, వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది. నేననుకోలేదు అంత ఏడుస్తుందని. అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చుని, "నాకు తెలీదు అత్తయ్యా, నిజంగా తెలీదు" అంటుంది. ఆవిడ దాని తల మీద చేయి వేసి నా వైపు చూశారు. తిట్టినట్టూ లేదు, అడిగినట్టూ లేదు ఆ చూపు. "పోనీలే, ఇక తినను" అన్నారు.

ఆయన లేచి వరండాలోకి వెళ్ళిపోయారు.

సాయంత్రం మరిది వచ్చి చిన్నదాన్ని తీసుకెళ్ళాడు. స్నేహితుడి గది ఇరుకైనా పర్లేదట. వెన్న, పాలు, పెరుగు అన్నీ ఐసు పెట్టెలో సర్దుకుని వెళ్ళింది. ఫ్రిజ్ బోసిపోయింది. నా కప్పులు ముందుకు జరిపాను.

జూన్ 22, ఆదివారం

ఇల్లు ప్రశాంతంగా ఉంది.

జూన్ 24, మంగళవారం

అత్తగారు గదిలోంచి రావట్లేదు. స్టూలు వంటింట్లోనే ఉంది, నా కాళ్ళకు తగులుతోంది. పెరుగు కప్పు సగం తిని మూత పెట్టారు. సూప్ చల్లారిపోయింది.

"ఏమైనా కావాలా అత్తయ్యా?"

"ఏం వద్దమ్మాయ్. బాగానే చూసుకుంటున్నావు."

ఆ మాట వినాలనే కదా ఇంత చేసింది. మరి వింటే ఏమీ అనిపించదేం?

జూన్ 26, గురువారం

ఇవాళ ల్యాబ్‌కి ఒక పెద్దాయన వచ్చాడు, రిటైరైన డ్రైవరు. ట్యూబు తిప్పి చూస్తే సీరం అచ్చం అలాగే, తెల్లగా. వెళ్ళిపోతున్న మనిషిని వెనక్కి పిలిచాను. ఇది మా పనిలో మొదటి పాఠం. సీరం తెల్లబడితే ముందు మనిషిని అడగాలి, ఆ తర్వాతే అంకెను నమ్మాలి.

"తాతగారూ, పొద్దున ఏమైనా తిన్నారా?"

"ఏమీ తిన్లేదమ్మా. పరగడుపే. కప్పు టీ తాగానంతే, తెల్లపొడి వేసుకుని. రెండు బిస్కెట్లు."

"అది తినడం కాదా? పొడైనా బిస్కెట్లైనా రక్తంలోకే కదా చేరేది? పరగడుపు అంటే మీ ఉద్దేశంలో ఏమిటి?" అని గట్టిగా మందలించాను. పాపం, బిక్కమొహం వేసి, రేపు మళ్ళీ వస్తానన్నాడు.

ఆయన మెట్లు దిగేదాకా బాగానే ఉన్నాను. ఆ తర్వాత కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను.

ఆ రోజు కప్పు ఇచ్చానో లేదో నాకు సరిగ్గా గుర్తులేదు.

జూన్ 27, శుక్రవారం

గుర్తుంది.

తెల్లపొడి డబ్బా వెనక్కి తిప్పి చదివాను. ముందు వైపు పెద్ద అక్షరాల్లో కొలెస్ట్రాల్ లేదని ఉంటుంది, ఇన్నాళ్ళూ అదే చదివాను. వెనక చీమ తలకాయంత అక్షరాలు. మొదటిది చక్కెర పాకం, రెండోది గట్టిపరచిన నూనె. డైట్ బిస్కెట్లలోనూ అవే, వరస మారిందంతే. తియ్యపెరుగు కప్పులో కొవ్వు తీసిన చోట చక్కెర నింపారు. పొద్దస్తమానం జనాల రక్తంలో కొవ్వు చూసేదాన్ని, ఇంట్లో డబ్బా వెనక్కి తిప్పి చూడలేదు.

పోనీ, పొరపాటే. ఎవరికి రాదు పొరపాటు? చిన్నది కూడా రోజూ వెన్న పెట్టలేదా? నిప్పు లేనిదే పొగ వస్తుందా?

అయినా డాక్టరమ్మ అడిగినప్పుడు అవునన్నాను. అప్పుడు నాకు గుర్తులేదు. నిజంగా లేదు. ఉంటే అననుగా?

జూన్ 28, శనివారం

అత్తగారి గదిలోకి వెళ్ళాను. కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉన్నారు. ఎలా మొదలుపెట్టాలో తెలియక దుప్పటి మడతపెట్టాను. మడతపెట్టినదే మళ్ళీ మడతపెట్టాను.

"అత్తయ్యా, ఆ రోజు రక్తం తీశానే, ఆ పొద్దున మీరు కప్పు తాగారా?"

"నువ్వే ఇచ్చావుగా."

"మరి చెప్పలేదేం?"

"చెప్పబోతే మాట్లాడకండి అన్నావు."

"ఆ తర్వాతైనా? అంకె చూపించినప్పుడు? చిన్నది అంత ఏడుస్తుంటే?"

అప్పుడు నా వైపు తిరిగారు. కోపం లేదు ఆవిడ మొహంలో. ఉన్నా బాగుండేది.

"అది నాలుగు రోజులుండి పోయేది అమ్మాయ్. నేను ఉండేది నీ దగ్గర. నీ తప్పు నలుగురిలో బయటపెట్టి మర్నాడు నీ చేతి కప్పు ఎలా తాగను?"

మడతపెట్టిన దుప్పటి మళ్ళీ విప్పాను.

"నువ్వంటే భయమని కాదు" అని మళ్ళీ ఆవిడే అన్నారు. కిటికీ వైపు తిరిగి, "కొంచెం భయమే" అన్నారు.

బయటికొచ్చి బాత్రూంలో కుళాయి విప్పి ఏడ్చాను. నా చేతి సూదికి జనం వరస కడతారని మురిసిపోయేదాన్ని. నా చేతి కప్పుకు మా అత్తగారు భయపడి తాగుతున్నారు.

జూన్ 30, సోమవారం

ఇవాళ కప్పు ఇవ్వలేదు. నిజమైన పరగడుపున మళ్ళీ రక్తం తీశాను. సీరం తేటగా, తేనెరంగులో వచ్చింది. కొవ్వు కాస్త ఎక్కువేగానీ బెంబేలు పడాల్సినంత కాదు.

డాక్టరమ్మకు జరిగింది చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను చూసింది. "నువ్వా?" అంది. ఆ ఒక్కమాట చాలు, ఇంకేం తిట్టక్కర్లేదు. పాత రిపోర్టు కొట్టేసింది. తర్వాత నిదానంగా చెప్పింది, ఆ వయసుకు ఆ గుండెకు మామూలు పెరుగు కాస్త, వెన్న పల్చగా రాసుకుంటే పర్లేదు, ముద్దలు ముద్దలుగా పెట్టొద్దు, ముందు ఆ పొట్లాలూ డబ్బాలూ తగ్గించి కూరగాయలు పెంచమని.

వెన్న మానేసి వారం దాటింది కదా, అందుకే తేటగా వచ్చిందేమో అని మనసులో ఒక మూల గొణుగుతూనే ఉంది. నోరు మూసుకోమన్నాను. మూసుకోలేదు.

జూలై 1, మంగళవారం

నా చేత్తో నేనే వెన్న కొన్నాను. రొట్టె కాల్చి, పల్చగా రాసి అత్తగారికిచ్చాను. ఎదురుగా కూర్చున్నాను.

తిన్నారు. కళ్ళు మూసుకోలేదు.

"బాగుందా అత్తయ్యా?"

"బాగుందమ్మాయ్." ఇంకో ముక్క నమిలారు. "చిన్నది ఇంకొంచెం ఎక్కువ కాలుస్తుంది. వేడి మీద రాస్తుంది, లోపలికి ఇంకుతుంది."

కడుపులో భగ్గుమంది. అబద్ధం రాసుకోవడం దేనికి, భగ్గుమంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు నెల రోజులుగా రాసిందంతా చాలు.

జూలై 2, బుధవారం

చిన్నదానికి ఫోన్ చేశాను. హలో అన్నాక ఎలా మొదలెట్టాలో తెలియలేదు.

"రొట్టె ఎంతసేపు కాలుస్తావు?" అన్నాను.

"ఏంటక్కా?"

"అత్తయ్య అడుగుతున్నారు. నువ్వు కాల్చినట్టు లేదట."

అప్పుడు చెప్పాను. కప్పు గురించి, డాక్టరమ్మకు చెప్పిన అబద్ధం గురించి, కూనిరాగం గురించి కూడా. అదెందుకు చెప్పానో తెలియదు, వచ్చేసింది.

"నేను అత్తయ్యను చంపబోయాననుకున్నా అక్కా" అంది. "ఇన్ని రోజులూ అన్నం సయించలేదు. నువ్వు కూనిరాగం తీశావా?"

"తీశాను."

"ఛీ" అంది. అక్కా అనలేదు. అనుంటే ఇంకా కష్టంగా ఉండేది.

ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "మా పైపులు ఇంకా బాగుకాలేదు" అంది.

"అయితే రా."

"నీ కోసం కాదు, అత్తయ్య కోసం వస్తా."

"ఎవరి కోసమైతేనేం, రా."

ఆయనకు, మరిదికి కూడా నేనే చెప్పాను. ఆయన విని చేతులు కడుక్కొచ్చారు. అన్నం వడ్డిస్తే తిన్నారు.

జూలై 4, శుక్రవారం

చిన్నది నిన్న వచ్చింది. వెన్న తెచ్చి నా కప్పులుండే చోట పెట్టింది. వెనక్కి నెట్టలేదు. కాస్త పక్కకు జరిపాను, అంతే.

ఇవాళ ఎప్పటిలాగే చీకటితో లేచాను. వంటింట్లో దీపం వెలుగుతోంది. చిన్నది నాకంటే ముందే లేచి కప్పు పుణ్యం కూడా కొట్టేసిందనుకున్నాను. పరుగున వెళ్ళాను. చిన్నది కూడా అప్పుడే గదిలోంచి తల దువ్వుకోకుండా పరిగెత్తుకొచ్చింది. గుమ్మం దగ్గర ఇద్దరం ఢీకొన్నాం.

పొయ్యి దగ్గర అత్తగారు. స్టూలు మీద కూర్చుని పాలు కాస్తున్నారు. మాత్రలు తనే వేసుకున్నారట. "ఇద్దరూ కూర్చోండి" అన్నారు. కూర్చున్నాం.

మూడు కప్పుల్లో పాలు పోశారు. గిన్నెలో చెంచాడు మీగడ మిగిలింది. చెంచాతో జాగ్రత్తగా ఎత్తారు. నా కప్పు ముందుంది, చిన్నదాని కప్పు దాని పక్కనుంది. ఆ చెంచా ఎటు వెళ్తుందా అని చూస్తున్నాను. ఓరకంట చూస్తే చిన్నదీ అదే పని మీద ఉంది.

అత్తగారు మా ఇద్దరినీ ఒకసారి చూసి, మీగడ తన కప్పులో వేసుకున్నారు.